వెనక మంచం

మా ఆవిడ బస్సులో వస్తానన్న రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. మేము ఊరూరా తిరిగి గాజులు అమ్ముతాం. పాత స్కూలు వ్యాను కొని, సీట్లు పీకేసి, మంచం, పొయ్యి, నీళ్ళ డ్రమ్ము పెట్టుకున్నాం. నెలలో ఇరవై రోజులు అదే మా ఇల్లు. ముందు సీట్లో ఇంజను వేడికి కూర్చోలేక ఆమె వెనక మంచం మీదే ప్రయాణం చేసేది. కొన్నాళ్ళుగా నడుము నొప్పి. గతుకు వచ్చినప్పుడల్లా "అమ్మా" అనేది. వ్యానూ ముసలిదై వెనక భాగం కుంగిపోయింది.

గిద్దలూరులో మా ఇంటికి దగ్గరే కమాన్ పట్టీలు కట్టే షెడ్డు ఉంది. అక్కడి మెకానిక్ వరసేమీ లేకపోయినా నన్ను మామా అంటాడు. లారీలూ రాళ్ళ ట్రాక్టర్లూ తప్ప వేరే బండి పెద్దగా ఎరగడు. చక్రాల మీద బరువు మోసే ఆ ఇనుప పట్టీలు అరిగిపోయాయని తీసేసి, కొత్తవి వేసి, నా మాట మీద ఇంకో రెండు ఎక్కువే బిగించాడు.

"ఇంక పలకల రాయి ఎత్తినా కుంగదు మామా."

వ్యాను వెనక భాగం లేచి నిలబడింది. నేను మీసం మెలేశాను.

దర్శి, ముండ్లమూరు వైపు వారం తిరిగొచ్చాం. స్టీరింగు దగ్గర హాయిగానే ఉంది. ఆగిన ప్రతిచోటా దిగి, నా సీటు వెనక వరిగడ్డిలో సర్దిన గాజుల పెట్టెలు విప్పి చూసేవాణ్ణి. ఒక్కటీ పగల్లేదు. ఇంకేం కావాలి అనుకున్నాను.

ఇంటికొచ్చి మళ్ళీ కొమరోలుకు బయలుదేరేముందు ఆమె రెండు చీరెలు సంచిలో పెట్టుకుని కిందికి దిగింది.

"నేను బస్సుకు వస్తా. నువ్వు వ్యాను తోలుకొని రా."

"కొత్త కమాన్లు వేయించినా గదా! ఇంకా ఏంది?"

"ముందు ఊగేది. ఇప్పుడు ఎత్తి కుదేస్తా ఉంది. ఈసారికి బస్సు. ఆ తర్వాత ఇంటికాడే ఉంటా."

ఆడవాళ్ళ చేతికి నొప్పి లేకుండా గాజు ఎక్కించేది ఆమే. అదొక్కటే అయితే ఎట్లాగో సర్దుకుందును. ఆమె లేని వ్యానులో నాకు నిద్ర పట్టదు. ఆ మాట చెప్పొచ్చు కదా? కోపం ముక్కు మీదుండే మనిషిని, "పద, ఆ మెకానిక్‌నే అడుగుదాం" అని కసిరాను.

షెడ్డులో నా గొప్ప నేను చెప్పుకుంటుంటే ఆమె మెకానిక్ వైపు తిరిగింది.

"అల్లుడూ, నువ్వు తోలు. ఈ మనిషిని నా మంచం మీద పండుకోనీ. కొమరోలు దాకా పోయి రాండి. నేను ఈడే ఉంటా."

నవ్వుతూనే ఎక్కి పడుకున్నాను. మంచం సరిగ్గా వెనక చక్రాల మీద ఉంది. ఊరు దాటకముందే వచ్చిన స్పీడు బ్రేకరుకు నడుం కింద రోకలితో పొడిచినట్టయింది. తర్వాత వచ్చిన గుంతకు మంచం మీంచి ఎగిరి పడ్డాను. మూడోదానికి "అమ్మా" అన్నాను. ఆ తర్వాత కుక్కిన పేనులా పడి ఉన్నాను. వారమంతా ఆగినచోటల్లా గాజులు చూసుకున్నాను గానీ, నడుం ఎట్లుందని ఆమెను ఒక్కసారీ అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. కొమరోలు ఇంకా చాలా దూరముండగానే "వెనక్కి తిప్పు నాయనా" అని అరిచాను.

"రాయికి కట్టినట్టు కట్టినా మామా, మనిషికి కాదు," అన్నాడు మెకానిక్. ఎక్కువేసిన పట్టీలు తీసేసి, కొత్త షాక్ అబ్జార్బర్లు బిగించాడు. మంచాన్ని నేనే విప్పి, ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్యకు జరిపి, గాజుల పెట్టెల్ని వెనక్కి నెట్టాను. "ఒక్కసారి రా. బాగాలేకపోతే బస్సుకే పోదువులే" అన్నాను. సంచి పట్టుకునే ఎక్కింది.

కొమరోలులో ఆపి, దిగి, నేరుగా ఆమె దగ్గరికి పోయాను.

"నడుము ఎట్లుంది?"

"పర్వాలేదు. గాజులు చూసినావా?"

"చూడలే."

తనే పెట్టె విప్పింది. పై వరసలో డజనుకు పైగా పగిలి గడ్డిలో కలిసిపోయాయి. ఆ ముక్కల్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. "పోతే పోయినాయిలే," అన్నాను.

ఆమె మంచం కింది సంచి తీసి, అందులోని రెండు చీరెల్నీ వ్యానులో కట్టిన తాడు మీద వేసింది.