మార్గరెట్‌కి చెప్పిన ‘చూద్దాం’

2015, ఆకులు రాలే కాలం. అమెరికాలోని నేపర్‌విల్‌లో ఒక క్లినిక్‌కి అపాయింట్‌మెంట్ల సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం. ప్రాజెక్టు అప్పటికే ఆరు వారాలు లేటు. క్లయింట్ తరఫున మాతో మాట్లాడేది అక్కడి ఫ్రంట్ డెస్క్ సూపర్‌వైజర్ మార్గరెట్. రిటైర్మెంట్‌కి దగ్గరపడిన మనిషి. ఇంట్లో చేసిన కుకీ నా చేతిలో పెట్టిందంటే స్కోప్ పెరగబోతోందన్నమాటే. స్కోప్ అంటే మేము చేసిస్తామని రాసిచ్చిన పనుల జాబితా.

ఒకరోజు కుకీ ఇచ్చి, "పెద్దవాళ్లకి చూపు ఆనడం లేదు. అపాయింట్‌మెంట్ స్లిప్ పెద్ద అక్షరాల్లో వచ్చేలా చేస్తావా?" అంది.

మూలిగే నక్క మీద తాటిపండు! తల అటూ ఇటూ ఊపి, "ఓకే, ఐ విల్ సీ" అన్నాను. మన ఇళ్లలో ‘చూద్దాం’ అంటే మనసు నొప్పించకుండా కాదనడం. ఆవిడకి మాత్రం అది మాటిచ్చినట్టే వినపడింది.

మూడు వారాల తర్వాత డెమోలో స్లిప్ మళ్లీ చీమల బారులాగే వచ్చింది. మార్గరెట్ ముఖం వాడిపోయింది.

"చూస్తానన్నావుగా! పేషెంట్లందరికీ చెప్పేశాను. కాదంటే కాదని ఆ రోజే చెప్పాల్సింది. ఇప్పుడు వాళ్ల దగ్గర మాట తప్పింది నేను."

నాకు తల కొట్టేసినట్టయింది. పక్కనే ఉన్న మా టెస్టర్ శ్రీలతది వరంగల్. మెల్లగా తెలుగులో అంది: "మీ చూద్దాం ఆమెకెట్ల తెలుస్తదన్నా? ఉన్నదున్నట్టు చెప్పరాదూ!"

చెప్పాను. ఇది చేస్తే క్లినిక్‌లో వాడకం మొదలయ్యే తేదీ ఇంకో వారం జరుగుతుందని, జరగకూడదంటే జాబితాలోంచి ఇంకేదైనా తీసేయాలని.

"అంతేనా?" అంటూ పెన్ను తీసి, తనే పట్టుబట్టి పెట్టించుకున్న రంగుల రిపోర్టుని కొట్టేసింది. "దీన్ని చూసేది నేనొక్కదాన్నే."

అనుకున్న రోజుకే మొదలుపెట్టాం. మొదటి స్లిప్ అందుకున్న ముసలాయన జేబులోంచి కళ్లద్దాలు తీయకుండానే తేదీ పైకి చదివాడు. మార్గరెట్ నావైపు చూసి కన్ను గీటింది. అప్పట్నుంచీ ఎవరు అదనంగా ఏం అడిగినా, "సరే, బదులుగా ఏది తీసేద్దాం?" అని అక్కడికక్కడే అడుగుతున్నాను.

రిటైరైన రోజు మార్గరెట్ లంచ్‌కి పిలిచింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది? "చూద్దాం" అనేశాను, తెలుగులోనే.

"అంటే రావన్నమాట!" అని నవ్వింది. శ్రీలత ఆ మాటకి అర్థం ఎప్పుడో చెప్పేసిందట.

"శనివారం, పన్నెండింటికి వస్తాను" అన్నాను. వెళ్లాను. బల్ల మీద పళ్లెం నిండా కుకీలు.

"భయపడకుండా తిను. ఇక అడిగేదేమీ లేదు" అంది.

ఏదో ఒకటి అడిగితే బాగుండుననిపించింది.