మిలావట్ అన్న మాట

నేను చుక్క ముట్టను. అయినా కరోనా తగ్గిన కొత్తలో దుబాయ్‌లో ఒక హోటల్‌కు వైన్ సీసాలు ఆర్డర్ పెట్టే ఉద్యోగం నాది. అల్ నహ్దాలో ఇంటికి చేరాక పిల్లలు అడిగితే జ్యూసులు కొంటానని చెప్పేవాణ్ణి.

ఆ ఏడాది ఫ్రాన్స్‌లోని బోర్డో నుంచి ఒక ఎర్ర వైన్ తెప్పించాం. పాత ద్రాక్షతోట; అక్కడే పండించి అక్కడే సీసాలకెత్తుతారు. సీసాలతో వచ్చిన కాగితం నాకు భలే నచ్చింది. కాబెర్నే సావిన్యోఁ అనే ద్రాక్ష వగరునీ బిగువునీ ఇస్తుందట. మెర్లో అనే రెండో రకం దాన్ని మెత్తబరుస్తుంది. మూడోది, కాబెర్నే ఫ్రాంక్, సువాసన కోసం కలుపుతారు. ఆ ఏటి ఎండావానా చూసి పాళ్లు మారుస్తారు. పీబెర్రీ ఇంత, ప్లాంటేషన్ ఇంత అని మనం కాఫీపొడి కలిపించుకోమూ, అలాగే.

మా వంటింట్లో గిన్నెలు కడిగే ఆయన ఒకరుండేవారు. కరీంనగర్ వైపు మనిషి, నాకంటే పెద్ద. మనుషులు చాలక ఆయన్ని నెల రోజులు వెయిటర్‌గా వేసి చూస్తామన్నారు. నిలబడితే వెయిటర్, లేకపోతే మళ్లీ గిన్నెలే. సబ్బునీళ్లకు ఆయన చేతులు తోలు ఊడిపోయి ఉండేవి. ఒకరోజు నా దగ్గరకొచ్చారు.

"సార్, గీ వైన్ సంగతి హిందీల అడిగితే ఏం చెప్పాలె? నాకు లేబర్ క్యాంపు హిందీ వస్తది గని, పెద్దోళ్ల ముంగట మాట్లాడే హిందీ రాదు. జర రాసియ్యుండ్రి."

చిన్నప్పుడు విశారద దాకా హిందీ పరీక్షలు పాసైనవాణ్ణి. ఆ గర్వం ఊరికే ఉంటుందా? కలపడానికి హిందీలో మాట ఏమిటని క్షణం కూడా ఆలోచించకుండా, తెలుగు అక్షరాల్లో రాసిచ్చాను: "తీన్ అంగూరోఁ కీ మిలావట్." మూడు ద్రాక్షల కలయిక అని నా లెక్క. ఆయన వారం పాటు వల్లెవేశారు.

ఒక మధ్యాహ్నం ఢిల్లీ వ్యాపారి ఒకాయన అతిథుల్ని వెంటబెట్టుకొచ్చి ఆ సీసానే తెప్పించాడు. మా కరీంనగర్ ఆయన గ్లాసులో పోసి, నిటారుగా నిలబడి ఆ వాక్యం అప్పజెప్పారు. అతిథులు గొల్లున నవ్వారు. వ్యాపారికి తల కొట్టేసినట్టయింది. "కల్తీ సరుకు పోస్తారా మాకు!" అని హిందీలో కేకలేశాడు.

మేనేజర్ లెబనాన్ వాడు, హిందీ ముక్క రాదు. నన్ను పిలిపించి ఇంగ్లీషులో అడిగాడు: "మన వెయిటర్ ఏమన్నాడు?"

అప్పటికి నాకు వెలిగింది. మిలావట్ అంటే నీళ్లు పోసిన పాలకీ, రాళ్లు కలిసిన బియ్యానికీ వాడే మాట. "తప్పు నాది, ఆ మాట రాసిచ్చింది నేనే" అంటే సరిపోయేది. ఆయన సీసా పట్టుకుని నావైపే చూస్తున్నారు, నేను సర్దిచెబుతానన్న ధీమాతో.

"కల్తీ వైన్ అన్నాడు" అని ఇంగ్లీషులో చెప్పాను. అక్షరాలా నిజమే. అంత సిగ్గుమాలిన నిజం నేను మళ్లీ చెప్పలేదు.

మేనేజర్ "ఖలాస్" అన్నాడు. మా ఇంగ్లీషు తెలియకపోయినా, ఇక చాలన్న ఆ మాట మాత్రం ఆయనకు అర్థమైంది. నల్ల కోటు విప్పి మడతపెట్టి ఇచ్చేశారు.

మర్నాడు సరుకు దింపుకునే చోట ఎదురుపడ్డారు. మోచేతుల దాకా నురగ. తప్పించుకుపోదామనుకున్నాను, ఆయనే ఆపారు.

"సార్, మీరు మంచిగనే రాసిచ్చిన్రు. నా నోరే తిరగలే, మాట పాడైంది. మీకేమన్న మాటొచ్చిందా? కాయితం సంగతి నేనెవ్వలకు చెప్పలే. ఏమనుకోకుండ్రి."

ఇప్పుడైనా చెప్పెయ్యి అని లోపల ఒకటే పోరు. ఆయన తల వంచుకుని నా మాట కోసం నిలబడ్డారు.

"పర్లేదులెండి, ఇంకోసారి జాగ్రత్తగా పలకండి" అని క్షమించేశాను.