ఎదురింటి పాటకు ఆడిన నాడె

గద్వాలలో మగ్గం నేసే నిరంజన్‌కు చెడ్డ అలవాట్లు లేవని వీధిలో చెప్పుకుంటారు. అసూయను అలవాట్ల కింద లెక్కేయరు కాబట్టి ఆ మాట నిజమే. ఈర్ష్య మనిషిని దిగజారుస్తుందని ప్రవచనాల్లో చెబుతారు. యాభై దాటాక నిరంజన్ చేత కంప్యూటరు ముట్టించింది మాత్రం అదే.

ఏళ్ల తరబడి ఆ వీధికి పాట అతని ఇంటి నుంచే వచ్చేది. పెద్ద యాంప్లిఫయర్, నడుమెత్తు స్పీకర్లు, గోడ నిండా క్యాసెట్లు. సాయంత్రం మగ్గం దిగిన వాళ్లంతా అతని అరుగు మీదికే చేరేవారు. ఏ పాట తర్వాత ఏది వేయాలో అతను ఎవరినీ అడిగేవాడు కాదు. ఇంతలో ఎదురింటి గోవిందు లాప్‌టాప్‌ను యాంప్లిఫయర్‌కు కలిపాడు. అతనూ నేతగాడే, వయసులో చిన్న. అక్కడ అడిగినవాళ్లకు అడిగిన పాట. గరగర లేదు, రీలు చిక్కుకోవడం లేదు. కొన్నాళ్లకే నిరంజన్ అరుగు ఖాళీ అయింది.

అంతవరకు ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది మగ్గం దగ్గర జరిగింది. గద్వాల చీరకు నడుమ నూలు, అంచు పట్టు. రెంటినీ పోగు పోగుకూ మెలేస్తూ నేయాలి కాబట్టి, పక్కన ఇంకొకరు కూర్చుని అంచు పోగును అటూ ఇటూ దూసే నాడె విసరాలి. అతని పక్కన కూర్చునేది భార్య కమల. ఇద్దరి చేతులూ ఒక్క లయలో పడితేనే నేత సాగుతుంది. ఒక రోజు కమల చెయ్యి అతనికంటే ముందు పోతోంది. చెవి పెట్టి వింటే సంగతి తెలిసింది. ఎదురింటి పాట దరువుకు ఆమె నాడె ఆడుతోంది.

"వాని పాటకా నేస్తున్నవు?" అన్నాడు.

"చెయ్యి దానంతటదే పోతుంది, నన్నేం జేయమంటవు? నీ టేపు ఏడుస్తది గదయ్యా" అంది కమల.

ఆ పూటే కూతురు సౌజన్య వదిలేసిన పాత లాప్‌టాప్ బీరువా మీంచి దిగింది. దాన్ని యాంప్లిఫయర్‌కు కలిపే వైరు బజారులో దొరుకుతుంది. కానీ ఆ దుకాణం గోవిందు బావమరిదిది. కొన్న గంటకే ఎదురింట్లో నవ్వుకుంటారు. అందుకని నిరంజన్ మూలనపడ్డ ఇయర్‌ఫోన్ వైరు కోశాడు. టేపు నుంచి యాంప్లిఫయర్‌కు పోయే వైరూ కోశాడు. ఇయర్‌ఫోన్ వైరు లోపల ఎరుపు, ఆకుపచ్చ సన్నని తీగలు, అచ్చం రంగు అద్దిన పట్టుపోగుల్లా ఉన్నాయి. పాత పడుగుకు కొత్త పడుగు అతికేటప్పటిలాగే వేళ్లకు బూడిద రాసుకుని, మెలిపెట్టి అతికాడు. అతుకు కంటికి ఆనదు. స్పీకర్లు మాత్రం కిమ్మనలేదు. విప్పి మళ్లీ అతికినా అంతే. ఇప్పుడు క్యాసెట్టు కూడా మోగదు.

రెండు రోజులు ఆ ఇంట్లో ఎదురింటి పాట తప్ప ఇంకోటి వినబడలేదు. మూడో రోజు కమల మొగుణ్ని అడక్కుండానే గడపలో నిలబడి గోవిందును కేకేసింది.

గోవిందు తీగను వెలుతురుకు పెట్టి చూశాడు. "అన్నా, అతుకు మస్తు వెట్టినవు. గని గిది రంగు గాదు, పైపూత. కరెంటు పోనియ్యదు. జర కాల్చాలె." అగ్గిపుల్ల గీసి తీగల కొసలు కాల్చాడు, మసి గీకి మెలిపెట్టాడు. లాప్‌టాప్‌లో సౌండు నిండుగా ఉంచి, పెంచడం తగ్గించడం యాంప్లిఫయర్ మీదే చేసుకోమన్నాడు. పాట ఇల్లంతా పరుచుకుంది. గోవిందువి చిన్న స్పీకర్లు, వాటికి ఈ లోతు లేదు.

మర్నాటి సాయంత్రం అరుగు నిండింది. పొద్దంతా కమల నాడె ఇంటి పాటకే ఆడింది. నిరంజన్ కోరుకున్నది చేతికి వచ్చింది. అయినా అతను పాట వినడం లేదు, గోవిందు ముఖమే చూస్తున్నాడు. అది ఎప్పుడు మాడుతుందా అని కాచుకున్నాడు. గోవిందు గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని, మోకాలి మీద తాళం వేస్తున్నాడు. లేచిపోతూ తన ఇంట్లో ఇట్లా మోగదని, రేపటి నుంచి ఇక్కడికే వస్తానని చెప్పాడు.

ఆ రాత్రి నిరంజన్ అన్నం కలిపి వదిలేశాడు. ఏమైందని కమల అడిగింది.

"వానికి జర గూడ మండలే" అన్నాడు.