ఇద్దరు తోడికోడళ్ళు, ఒక వాననీటి దోనె

నేను రిటైరయ్యే ముందటి సంవత్సరం మార్చిలో, మంచిర్యాలలో డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా ఉండగా, లక్సెట్టిపేట దాటి గోదావరి వైపున్న ఒక పాత ఊరి పని నాకు అప్పగించారు. అక్కడి కోటవీధిలోని ఇళ్ళకు పైకప్పులు, మేడగదుల చెక్కగోడలు, నీటి దోనెలు మార్చాలి. షరతు ఒక్కటే. వీధిలో నిలబడి చూసేవాడికి ఏమీ మారినట్టు కనిపించకూడదు. కాబట్టి కప్పుకు గూన పెంకులే వేయాలి, మేడ ముఖానికి టేకు పలకలే బిగించాలి.

గూన పెంకు అంటే సగానికి చీల్చిన మట్టి గొట్టంలా ఉంటుంది. ఒక వరుస వెల్లకిలా, దాని మీద ఇంకో వరుస బోర్లా పేరుస్తారు. రెండు వాలు కప్పులు కలిసే పల్లంలో నీళ్ళన్నీ చేరతాయి గనక అక్కడ దోనె పెడతారు. ఇంటి ప్రాణమంతా ఆ దోనెలో ఉంటుంది. అది పుచ్చిపోతే దాని కింద ఉన్న మట్టిగోడ నానుతుంది. గోడ నానితే ఇల్లే కూర్చుంటుంది.

ఆ వీధిలో నన్ను భయపెట్టిన గోడ ఒకటుంది. ఒకప్పటి పెద్ద భవంతిని నేతపని చేసే అన్నదమ్ములు పంచుకుని, నడుమ పెట్టుకున్న గోడ అది. మధ్యలో కడుపు ఉబ్బినట్టు వంగి ఉండేది. దానికి ఆనుకునే అన్నదమ్ముల్లో పెద్దాయన ఇంట్లో సాంచ నడిచేది. పవర్‌లూమును అక్కడివాళ్ళు సాంచ అనే అంటారు. అది ఆడినంతసేపూ గోడ సన్నగా అదురుతుండేది. గోడ పడితే రెండు కప్పులూ దానితోపాటే వస్తాయి.

దోనె బాగుచేయకపోవడానికి కారణం ఆ ఇంటి తోడికోడళ్ళు. పెద్దామె లచ్చవ్వ, చిన్నామె రాజవ్వ. చాలా ఏళ్ళ కిందట ఒక వానాకాలం దోనె పొంగి, లచ్చవ్వ ఇంట్లో సాంచ మీదున్న పడుగు నూలంతా నాని పాడైంది. దోనె మూతి రాజవ్వ పెరట్లోకి ఉండేది. ఆమె చెత్త తీయించలేదని లచ్చవ్వ, లచ్చవ్వ పిల్లలే పెంకులు తొక్కి పలగ్గొట్టారని రాజవ్వ. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒకరి మేస్త్రీని ఇంకొకరు తమ కప్పెక్కనిచ్చేవారు కాదు. అన్నదమ్ములు మాత్రం హోటల్ దగ్గర కలిసే చాయ్ తాగేవారు. నేను కప్పు సంగతి ఎత్తగానే ఇద్దరూ లేచి చెరో దిక్కుకు పోయేవారు.

ఎవరింటికి వారింటికి పోయి విడివిడిగా అడిగాను. ఇద్దరూ నన్ను అడిగిన మొదటి మాట ఒకటే: “ఆమె ఒప్పుకున్నదా సారూ?” కాదనలేదని చెప్పాను. అది నిజమే. దాంతో ఇద్దరూ సరేనన్నారు.

ఎండాకాలంలో పెంకులు దింపి, గట్టివి కడిగి పక్కన పెట్టాం. వడ్రంగులు నిర్మల్ నుంచి వచ్చారు. మేడగది పలకలు ఊడదీసి, కొత్త పలకలను పాతవాటి రంగు వచ్చేదాకా నూనె పట్టించి బిగించారు. రోహిణి కార్తె ఎండల్లో దోనె వంతు వచ్చింది. మంజూరైన డ్రాయింగు ప్రకారం జింకు రేకు దోనెను వీధి వైపుకు వాలుగా వేసి, గోడ రంగే పూసిన పైపుతో నీళ్ళను మోరీలో, అంటే వీధి మురుగుకాలువలో, కలపాలి. నీళ్ళు ఎవరి పెరట్లోనూ పడవు గనక తగాదా ఉండదనుకున్నాను.

మేస్త్రీ సత్తయ్య వీధి గోడకు పైపు ఆనించి చూస్తుండగా రాజవ్వ బయటికొచ్చింది.

“సారూ, గీ పైపు ఎటు పోతది?”

“మోరీలకు పోతదమ్మా.”

“మా నీళ్ళు మోరీల పోస్తరా? జర ఆగుండ్రి. ముందుగాల నిచ్చెన దించుండ్రి!”

పక్క గుమ్మంలోంచి లచ్చవ్వ వచ్చింది. “నిచ్చెన మా దిక్కున్నది. నేనే దింపిస్త. మోరీల కలిపెతందుకైతే మేం ఇల్లెందుకు విప్పనిస్తుంటిమి?”

ఇద్దరూ నాతోనే మాట్లాడుతున్నారు, ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. బోరింగు నీళ్ళు సౌడువని, ఆ ఉప్పునీళ్ళలో పప్పు ఎంతసేపటికీ ఉడకదని, వానాకాలమంతా కప్పు నీళ్ళతోనే వంట అని రాజవ్వ చెప్పింది. నాకు ఒక సంగతి అర్థం కాలేదు. నీళ్ళు పడేది రాజవ్వ పెరట్లో గదా, నీకేం పోయిందని లచ్చవ్వనడిగాను.

ఆమె పెరటి వైపు చెయ్యి చూపింది. “వాన వడ్డప్పుడల్ల ఒక బిందె నింపి పెరటి గోడ మీద పెడ్తది. నేను తీస్కుంట. ఖాళీ బిందె మళ్ల గోడ మీదనే పెడ్త.”

“మీకు మాటలు లేవు గదా?”

“మాటలు బందువెట్టినం గని సారూ, నీళ్ళు బందువెట్టలే.”

రాజవ్వ ముఖం అటు తిప్పుకుని కొంగు సర్దుకుంది. సత్తయ్య నేను చెప్పకముందే పైపు దించాడు.

మంజూరైన డ్రాయింగును సైటులో మార్చడాన్ని మేము డీవియేషన్ అంటాం. దోనెను పెరటి వైపుకే వాల్చి, రెండిళ్ళకూ అందేలా ఒక తొట్టి కట్టాలంటే పై అధికారి అయిన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు అనుమతి కావాలి. ఫోన్‌లో ఆయన కుదరదన్నారు. కప్పు తెరిచి ఉండగా వాన పడితే బాధ్యత నాదేనని కూడా అన్నారు. ఒకసారి వచ్చి చూడమని కోరాను. మర్నాడు వచ్చారు. రెండిళ్ళ నుంచీ చాయ్ వచ్చింది. ఏ ఇంటి చాయ్ ముందు అందుకోవాలో తెలియక ఆయన నా వైపు చూశారు. చివరికి రెండూ తాగారు. గోడ చుట్టూ తిరిగి చూసి, తొట్టి నిండాక పొర్లే నీళ్ళు మాత్రం మట్టిగోడ తడపకుండా మోరీలోకే పోవాలన్న షరతుతో ఒప్పుకున్నారు.

దోనె వాలు వెనక్కి తిప్పాం. పెరటి సరిహద్దు గోడ రాతిది, తడిసినా భయం లేదు. దానిలో కొంత భాగం విప్పి, సగం అటు, సగం ఇటు వచ్చేలా సిమెంటు తొట్టి కట్టాం. తొట్టి పూర్తయి, దోనె పని సగంలో ఉండగానే మబ్బు పట్టింది. సాంచ ఆపించి, దాని మీద టార్పాలిన్ కప్పాం. అన్నదమ్ములిద్దరూ కప్పెక్కి సత్తయ్యకు పెంకులందించారు. దోనె చివరి అతుకు ఆరీ ఆరకముందే వాన దిగింది.

నేను లోపలికి పోయి గోడ పొడవునా అరచెయ్యి ఆనించి చూశాను. ఎక్కడా తడి లేదు. పెరట్లోకి వచ్చేసరికి పైపు నుంచి తొట్టిలోకి నీళ్ళు ధారగా పడుతున్నాయి. లచ్చవ్వ బిందె ముంచబోతోంది.

“అక్కా, గా నీళ్ళు పట్టకు. తొలివాన, పెంకుల మీది దుమ్మంత వస్తది,” అంది అటువైపు నుంచి రాజవ్వ.

లచ్చవ్వ చెయ్యి ఆగిపోయింది. “నాకు తెల్వదా?” అంటూ బిందె పక్కన పెట్టింది. కొంగు తల మీదికి లాక్కుని, “నువ్వు గూడ లోపలికి పో పిల్లా, తడుస్తున్నవ్,” అంది.

కప్పు పని అంటే వాననీటిని ఇంటికి దూరంగా పంపడమని మాకు చదువులో చెప్పారు. గోడల విషయంలో అది సరైనదే. కానీ ఆ నీటితో ఇంట్లో ఎవరికేం పని ఉందో డ్రాయింగులో ఉండదు. సర్వీసులో మిగిలిన ఆ కొద్ది కాలంలో ఏ పాత ఇంటి కప్పు విప్పించాల్సి వచ్చినా, వాన పడే రోజున మీరేం చేస్తారని ముందు ఆ ఇంటి ఆడవాళ్ళనడిగి, ఆ తర్వాతే దోనె వాలు నిర్ణయించేవాణ్ణి.