ఫిల్ము మీద చారలు

"తలుపు తియ్యకు!" మా పెద్దబాపు యాదికొస్తే ముందుగాల ఈ మాటే ఇనబడ్తది.

మా కుంఠా నాకా గల్లీల సగం జన్మ పవర్‌లూమ్ మీద చాదర్లు నేసి, మోకాళ్లు పోయినంక పాత పెట్టె కెమెరా పట్టిండు. అరచేతంత ఫిల్ములను వెలుగు తాకితే ఖరాబైతయని కిటికీ లేని గదిల, కటిక చీకట్ల, ట్రేల మందు పోసి ఊపుకుంట కడిగేటోడు. ఒకే తాళంల ఊపితే మందు ఒకే తోవన పారి చారలు పడ్తయని నాకు చెప్పింది గూడ ఆయనే.

అయినా ప్రతి ఫిల్ము మీద టవల్ అంచు లెక్క చారలే. మందు మార్చిండు, నీళ్లు మార్చిండు. పోలే. "గోడవతల మగ్గాల అదురే, ఇంకేం కాదు" అని తిట్టేటోడు.

ఒకనాడు కరెంటు పోయి మగ్గాలన్నీ ఆగినయి.

"జల్దీ రా బిడ్డా!" అని నన్ను లోపలికి గుంజి గొళ్లెం పెట్టిండు. గల్లీల అంత నిశ్శబ్దం నేనెన్నడు ఎరుగ. చీకట్ల ట్రే ఊగుడు మొదలైంది. టక్, టక్, టక్. ఒక్క దెబ్బ తప్పకుంట, అచ్చం మగ్గమే.

కొంచెం సేపటికి ఆయన చేతులు ఆగినయి.

"నీకూ ఇనబడ్తుందా?"

నేను చీకట్ల తడుముకుంట గొళ్లెం మీద చెయ్యేసిన.

"తలుపు తియ్యకు," అన్నడు మెల్లగ. ట్రే మళ్లా అదే తాళంల ఊగింది.