ఆకు కొయ్యాల

మా అత్త వరి ఆకు తెంచి మణికట్టు మీద గీసుకునేది. చర్మం చిట్లితే నవ్వేది. "ఆకు కొయ్యాలమ్మే. కొయ్యని పైరు గాలికి నిలవదు" అనేది.

పంతొమ్మిదివందల అరవైల్లో మనుబోలు దగ్గర మాకు రెండు మడులుండేవి. మా ఏడాది తిండి అంతా వాటిదే. తెల్ల ఎరువు, అదే యూరియా, కొత్తగా వచ్చింది. దాంతో పైరు ఏపుగా ఎదిగితే నేను మురిసిపోయాను. అత్త మాత్రం రైసుమిల్లు నుంచి ఊక బూడిద మోసుకొచ్చేది. అందులో సిలికా ఉంటుందని, అది కాడను గట్టిపరుస్తుందని ముసలితనంలో చదువు నేర్చాక తెలుసుకున్నాను.

నాట్లకు ముందు ఒక మడికి తనే బూడిద చల్లి, రోడ్డు పక్క మడికి చల్లమని నాకు చెప్పింది. "పొయ్యి ఊడ్చి పొలానికి పోస్తుండావా?" అని పక్కచేని వదిన నవ్వింది. సిగ్గేసి తట్టలన్నీ కాలవలో గుమ్మరించాను. చల్లేశానని అత్తకు చెప్పాను.

గింజ పాలుపోసుకునే వేళ తుపాను గాలి కొట్టింది. తెల్లారేసరికి అత్త చల్లిన మడి నిలబడి ఉంది. నా మడి చాపలా పడుకుంది.

అత్త పడిపోయిన ఆకు తెంచి గీసుకుంది. గీత పడలేదు.

"బూడిద యాడ పోసినావమ్మే?"

"కాలవలో, అత్తా."

తిడుతుందనుకున్నాను. ఆమె కళ్లు మెరిశాయి.

"ఇన్నేళ్లూ చెప్తే ఎవురు నమ్మినారు? నీ దొంగపనితో ఇప్పుడు కళ్లకు కనపడతా ఉండాది" అంటూ నా చెయ్యి పట్టుకుని గట్టు వెంట పరుగెత్తింది. వదినను కేకేసి పిలిచి, నిలిచిన పైరు ఆకుతో మా ఇద్దరి మణికట్ల మీదా గీసింది. చురుక్కుమంది.

ఆ ఏడు సగం కడుపుకే తిన్నాం. మరుసటేడు మిల్లు దగ్గర బూడిదకు మాకన్నా ముందు వదినే నిలబడింది.