వెనక్కి నడిచి గెలిచిన వ్యాను

పాఠక మహాశయులారా, ముందుగా సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. మా పెద్దబాపు మొన్న మంగళవారం మా ఊరు కనకమామిడిలో కన్నుమూశాడు. మిమ్మల్ని ఏడిపించవలసిన చోట నేను ఆయన విజయయాత్ర గురించి రాయబోతున్నాను. అరవైతొమ్మిదిలో ఒక విద్యాసంవత్సరం మొత్తం తెలంగాణ ఉద్యమానికి ధారపోసినవాణ్ని. మర్యాదల పాఠం ఆ ఏడాదిలోనే ఉండి ఉంటుంది.

పెద్దబాపు మా నాన్నకు అన్న, పట్టాళంలో ట్యాంకుల మెకానిక్కు. పాకిస్తాన్ యుద్ధంలో శత్రువులు బురదలో వదిలి పారిపోయిన ట్యాంకును బయటికి తీసి, మన సైన్యం వాడుకోవడానికి తోలుకొచ్చాడు. ఆ కథ మొదలుపెట్టే ముందు బీడీ తీసి చెవి మీద పెట్టుకునేవాడు. కథ అయిపోయేదాకా ముట్టించేవాడు కాదు.

"తోలుడు అల్కనే బిడ్డా. మనోళ్లే మనల్ని పేల్చకుండ ఇంటికొచ్చుడే కష్టం. అందుకే ఫిరంగి గొట్టం ఎనక్కి తిప్పిన. కొట్టెటోడు గొట్టం ఎనక్కి పెట్టుకొని వస్తడా?"

ఒక బంద్ రోజున మా అక్కకు నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. బస్సుల్లేవు, ఎడ్లబండి మీద చేవెళ్ల దవాఖానకు చేరేసరికి ఏమవుతుందోనని అమ్మ భయం. అదే సమయానికి ఊరి బయట పోలీసు వ్యాను బురదలో దిగబడింది. పోలీసులు సాయం కోసం మొయినాబాద్ వైపు నడిచివెళ్లారు. ఉద్యమవీరులం మేము కిరోసిన్ డబ్బాతో ప్రత్యక్షమయ్యాం.

"దొరికిన బండిని కాలుస్తర్రా? మీదేం పట్టాళంరా!" అన్నాడు పెద్దబాపు. "జొన్నచొప్ప తెండి!"

చొప్ప చక్రాల కింద పరిచి, తాళంచెవి లేకుండానే రెండు తీగలు కలిపి ఇంజను లేపి, వ్యానును బురదలోంచి బయటికి తీశాడు. అక్కను, అమ్మను ఎక్కించి నేనూ ఎక్కాను.

చేవెళ్ల మొదట్లో కుర్రాళ్లు దారికి అడ్డంగా నిలబడి ఉన్నారు. పోలీసు వ్యాను కనబడగానే రాళ్లతో చేతులు లేచాయి. పెద్దబాపు బ్రేకు వేసి, వ్యానును తిప్పి, వెనక్కి నడపసాగాడు. వెనక తలుపు తెరిపించి నన్ను అక్కడ నిలబెట్టాడు.

"నువ్వు చెప్పురా. నీ కండ్ల మీదనే తోల్త."

"రానీ... రానీ... రైట్!" అని అరిచాను.

"అరే, గీ పోలీసోడేందిరా, ఎనక్కెనక్కి వస్తుండు!" అన్నాడెవడో. గుంపంతా నవ్వింది. ఆ నవ్వు మధ్యలో లోపలినుంచి అక్క కేక వినబడింది. ఆ తర్వాత రాళ్లు టపటపా నేలమీద పడిన చప్పుడు.

"జరుగుండ్రి! ఆడివిల్లకు నొప్పులొస్తున్నయ్, జరుగుండ్రి!" అని ఆ గుంపులోంచే ఎవరో అరిచారు.

జై తెలంగాణ కేకల మధ్య పోలీసు వ్యాను వెనక్కి నడుస్తూ దవాఖాన మెట్ల దాకా ఊరేగింది. సాయంత్రానికి మేనల్లుడు పుట్టాడు. మరునాడు పెద్దబాపు వ్యానును శుభ్రంగా కడిగి పోలీసులకు అప్పజెప్పాడు. "బురదల ఇరికిందని తీసిపెట్టిన సార్."

పోవడానికి ముందురోజు కూడా ఆ మేనల్లుణ్ని పక్కన కూర్చోబెట్టుకొని, నన్ను చూపించాడు. "వీని కండ్లుండబట్టే నువ్వున్నవ్‌రా."

వినయంగా తల దించుకున్నాను. ఇక దాచలేను. ఆ రోజు నేను చేసిందల్లా "రానీ, రానీ" అనడమే. అదీ, రాళ్లకు భయపడి, కళ్లు గట్టిగా మూసుకొని.